"సూర్యుడు పేలిపోతాడా టీచర్?" అని పాప నిద్రపోవడం లేదు, పాఠం ఎలా చెప్పాలి?

ఈసారి ఉత్తరం ఒక ప్రైమరీ స్కూల్ టీచర్ నుంచి. పేరు, ఊరు వద్దన్నారు, అందుకే రాయడం లేదు. ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెబుతాను.

ఆవిడ నాలుగో తరగతికి చెబుతారు. డిగ్రీలో చదివింది సాహిత్యం, సైన్సుతో పరిచయం పదో తరగతితోనే అయిపోయింది. అన్ని సబ్జెక్టులూ ఒక్కరే చెప్పాలి కాబట్టి సౌర కుటుంబం పాఠం కూడా ఆవిడ మీదే పడింది. మొదటి రోజు గ్రహాల పేర్లు బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీ నుంచి ఒక బాబు లేచి "టీచర్, శనికి ఎన్ని చంద్రులున్నాయి?" అని అడిగాడు. పుస్తకంలో ఉన్న సంఖ్య చెబితే "తప్పు టీచర్, 274" అన్నాడు. రెండో రోజు వాడే లేచి, సూర్యుడు ఒకరోజు పేలిపోతాడు, భూమిని మింగేస్తాడు, తర్వాత బ్లాక్ హోల్ అయిపోతాడు అని క్లాసంతటికీ చెప్పాడు. పిల్లలంతా గోల గోల. ఒక పాప మాత్రం ఏమీ మాట్లాడలేదు, ఇంటికెళ్లి ఏడ్చింది, అప్పట్నుంచి రాత్రిళ్లు లేచి "రేపు సూర్యుడు వస్తాడా?" అని అమ్మను అడుగుతోంది. తల్లి స్కూలుకొచ్చి "ఈ వయసు పిల్లలకు ఇవన్నీ ఎందుకండీ" అని నిలదీశారు. హెడ్మాస్టర్ గారేమో "పుస్తకంలో ఉన్నది చదివించి, ప్రశ్నజవాబులు రాయించి వదిలేయండి" అన్నారు. ఇంతలో స్కూల్లో ఎగ్జిబిషన్, తలా ఒక సౌర కుటుంబం మోడల్ తేవాలట.

"ఆ బాబు చెయ్యెత్తితే నాకు గుండె దడ. రాత్రిళ్లు కూర్చుని వీడియోలు చూసి ప్రిపేర్ అవుతున్నా, మర్నాడు వాడు ఇంకోటి అడుగుతాడు. పుస్తకం దాటకుండా ఉండనా, వీడియోలు చూపించనా, లేదంటే పెద్ద తరగతుల సైన్స్ సార్‌కి ఈ పాఠం అప్పగించేయనా? అన్నిటికంటే ముందు ఆ పాపకి ఏం చెప్పను?" అని అడిగారు.

టీచర్ గారూ, మీరన్నట్టే పాప సంగతి ముందు.

"అదేం లేదులే, భయపడకు" అని మాత్రం అనకండి. ఆ బాబు చెప్పినదాంట్లో కొంత నిజముంది. రేపో మాపో ఇంకెక్కడో ఆ మాట మళ్లీ వింటుంది, అప్పుడు మీ మాట మీద నమ్మకం పోతుంది. ముందు అడగండి, ఏం జరుగుతుందని అనుకుంటున్నావు, ఎప్పుడు జరుగుతుందని అనుకుంటున్నావు అని. "ఒకరోజు" అని విన్న తొమ్మిదేళ్ల పిల్లకి అది వచ్చే వారమే. 500 కోట్ల ఏళ్లు అని మీరు చెప్పినా దానికి అది 'చాలా' అనే ఇంకో మాట, అంతే. పెద్దవాళ్లమైన మనకి మాత్రం ఆ అంకె కళ్లకు కడుతుందా ఏమిటి?

అందుకని లెక్కపెట్టించండి. ఒక్కో సెకను ఒక్కో ఏడాది అనుకుని, ఒకటి, రెండు, మూడు అని. తొమ్మిది దగ్గర ఆపి "ఇదిగో, నువ్వు పుట్టినప్పట్నుంచి ఇవాళ్టిదాకా" అనండి. మనుషులు రాయడం మొదలుపెట్టి సుమారు 5,000 ఏళ్లు, అంటే గంటన్నర కూడా కాదు. డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లు, అక్కడిదాకా లెక్కపెట్టాలంటే తిండీ నిద్రా మానేసి రెండేళ్లు కూర్చోవాలి. సూర్యుడికి మిగిలిన 500 కోట్ల ఏళ్లు లెక్కపెట్టాలంటే దాదాపు 158 ఏళ్లు, ఆపకుండా. ఈ లెక్క పాపకొక్కదానికే కాదు, క్లాసంతటితో చేయించండి. దాన్ని వేరుగా కూర్చోబెట్టి చెబితే "నేనొక్కదాన్నే భయపడ్డాను" అని ఇంకో బాధ మొదలవుతుంది.

ఇక నిజాలు. సూర్యుడు పేలడు. అలా పేలేవి మన సూర్యుడి కంటే కనీసం 8 రెట్లు బరువైన నక్షత్రాలు. మన సూర్యుడు చివరికి బాగా ఉబ్బి ఎర్రగా అవుతాడు, బుధుణ్ణీ శుక్రుణ్ణీ మింగేస్తాడు, భూమి సంగతి ఏమవుతుందో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత చిన్నగా, తెల్లగా మిగిలిపోయి మెల్లగా చల్లారతాడు. బ్లాక్ హోల్ అయ్యేంత బరువు అతనికి లేదు. బ్లాక్ హోల్ అంటే చుట్టుపక్కలవన్నీ లాగేసుకునే రాక్షసి అని పిల్లల్లో ఒక బొమ్మ ఉంటుంది, అదీ సరి కాదు. సూర్యుడి స్థానంలో సరిగ్గా అంతే బరువున్న బ్లాక్ హోల్ పెట్టినా భూమి ఇప్పుడు తిరిగినట్టే తిరుగుతుంది, కాకపోతే చీకటీ చలీ. మనకు తెలిసిన వాటిలో అతి దగ్గరి బ్లాక్ హోల్ 1,500 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. సూర్యుడి నుంచి వెలుగు మనదాకా రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది, అదే వెలుగు అక్కడిదాకా వెళ్లాలంటే 1,500 ఏళ్లకు పైగా పడుతుంది.

మీ జాగ్రత్తకి ఇంకో సంగతి కూడా చెబుతున్నాను, పిల్లలు అడగకపోతే మీరుగా ఎత్తక్కర్లేదు. సూర్యుడు ఉబ్బడం కంటే చాలా ముందే, సుమారు 100 కోట్ల ఏళ్లలో, వేడి పెరిగి భూమి మీద బతకడం కష్టమవుతుందని అంచనా. మన లెక్కలో అది కూడా 30 ఏళ్లకు పైగా ఆపకుండా లెక్కపెట్టడమే. ఆ బాబు రేపు ఇదే పట్టుకొస్తాడు, అప్పుడు మీరు తడుముకోకూడదని చెబుతున్నా.

ఇవన్నీ చెప్పాక కూడా పాప నిద్ర కుదుటపడకపోతే, దాని భయం సూర్యుడి గురించేనా అని ఒకసారి ఆలోచించండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా, ఈమధ్య ఎవరైనా పోయారా అని తల్లిని మెల్లగా అడగండి. అన్నీ ఒకరోజు అయిపోతాయి అనే సంగతి కొందరు పిల్లలకు మొదటిసారి ఇలా సూర్యుడి రూపంలో తెలుస్తుంది, దానికి అంకెలు చెప్పి లాభం లేదు. వారాల తరబడి అలాగే ఉంటే పిల్లల డాక్టరుకో కౌన్సెలర్‌కో చూపించమనడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు మన చిచ్చరపిడుగు. శని చంద్రుల విషయంలో వాడన్నది నిజమే. 2023లో ఆ లెక్క 146 దాకా వచ్చింది, 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి చేర్చారు, మొత్తం 274 అయింది. అలాగని మీ పుస్తకం అబద్ధం చెప్పలేదు, అది అచ్చయిన రోజుకి అంతే తెలుసు. ఈ మాట క్లాసులో చెబితే మీ పరువేమీ పోదు సరికదా, పిల్లలకి అసలు సైన్సు తెలుస్తుంది. 1930లో ప్లూటో కనబడింది, దానికి ఆ పేరు సూచించింది వెనీషియా బర్నీ అనే 11 ఏళ్ల అమ్మాయి, అప్పట్నుంచి అందరూ తొమ్మిది గ్రహాలని బట్టీ పట్టారు, 2006లో ఖగోళ శాస్త్రవేత్తలు ఓటేసి దాన్ని మరుగుజ్జు గ్రహాల జాబితాలో వేశారు. అంకెల పోటీలోకి మాత్రం దిగకండి, వాడు గెలుస్తూనే ఉంటాడు. వాడికున్నంత తీరిక మీకెక్కడిది?

వాడితో మీకున్న దారులు నాకు తోచినవి ఇవీ. నోరు మూయించొచ్చు, రెండు రోజుల్లో పని అయిపోతుంది, కానీ ప్రశ్న అడిగితే ఏమవుతుందో మిగతా ముప్పై నలభై మందీ చూసి వాళ్లూ మూసుకుంటారు. లేదంటే వాణ్ణే చిన్న సైంటిస్టుని చేసి ముందు నిలబెట్టొచ్చు, చాలామంది టీచర్లు అదే చేస్తారు, వాడికి సంతోషం, మీకు కాస్త ఊపిరి. అయితే వాడి సూర్యుడి కథలో సగం తప్పే కదా, ఇక మీదట అలాంటివి మీ ముద్ర వేసుకుని తిరుగుతాయి. పైగా మాట్లాడని పిల్లలు ఇంకా వెనక్కి జరుగుతారు. నాకు నచ్చేది మూడోది. ఒక పెద్ద కాగితం గోడకి అంటించి మూడు గళ్లు గీయండి: చూసింది, విన్నది లేదా చదివింది, తెలియనిది. ఆకాశం గురించి ఎవరేమన్నా "ఇది ఏ గడిలో రాద్దాం?" అని అడగండి. 274 రెండో గడిలోకి పోతుంది. మీరు చెప్పేవాటిలో ఎక్కువ కూడా రెండో గడిలోకే పోతాయి, పోనివ్వండి. మొదటి గడి వెలవెలబోతూ కనిపిస్తుంది చూడండి, అప్పుడు మొదలవుతుంది పాఠం. వాడు ఇప్పటిదాకా చంద్రుణ్ణి నాలుగు రోజులు వరసగా చూసి ఉండడని నా అనుమానం.

మీరు సాహిత్యం చదివినవారు, సైన్సు రాదని టెన్షన్. నిజం చెప్పాలంటే ఈ వయసులో అడ్డమొచ్చేది టీచరుకి తెలియకపోవడం కంటే, పిల్లలకి తెలిసిందని మనం అనుకోవడం. 1992లో స్టెల్లా వొస్నియాడో, విలియం బ్రూవర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రైమరీ పిల్లల్ని కూర్చోబెట్టి భూమి ఆకారం గురించి లోతుగా అడిగారు. భూమి గుండ్రం అని పిల్లలు టక్కున చెప్పారు. ఇంకాస్త తవ్వితే, కొందరి బుర్రలో భూమి ఒక డొల్ల బంతి, మనుషులు దాని లోపల చదునైన నేల మీద ఉంటారు. ఇంకొందరికి భూములు రెండు, ఆకాశంలో గుండ్రటిది ఒకటి, మనం నిలబడ్డ చదునైనది ఒకటి. పరీక్షలో వీళ్లందరికీ ఫుల్ మార్కులే! మీరూ ఒక పీరియడ్ కేటాయించి భూమి బొమ్మ గీయించండి, దాని మీద నాలుగు వైపులా మనుషుల్ని పెట్టమనండి, ప్రతి మనిషి నెత్తిన వాన కురిపించమనండి. కింది వైపు ఉన్న మనిషికి వాన ఎటు నుంచి పడుతుందో చూస్తే ఎవరి బుర్రలో ఏ భూమి ఉందో మీకు తెలిసిపోతుంది. దీనికి డిగ్రీ అక్కర్లేదు, బొమ్మల్ని ఓపిగ్గా చూడాలి, అంతే.

తర్వాత చంద్రుడి డైరీ. అమావాస్య అయిన రెండు మూడు రోజులకి, సూర్యుడు దిగగానే పడమట సన్నగా నెలవంక కనిపిస్తుంది. అక్కడ మొదలుపెట్టండి. రోజూ ఒకే సమయానికి, ఒకే చోట నిలబడి, చంద్రుడు ఏ ఆకారంలో ఉన్నాడు, ఏ చెట్టుకి లేదా ఏ గోడకి ఎంత ఎత్తులో ఉన్నాడు అని చిన్న బొమ్మ. చెయ్యి చాచి పిడికిలి పడితే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. మర్నాడు అదే సమయానికి చంద్రుడు ఒక పిడికిలికి కాస్త ఎక్కువ తూర్పుకి జరిగి ఉంటాడు, ఇది పిల్లలు తమంతట తామే కనిపెడితే వాళ్ల మొహాలు చూడాలి. పౌర్ణమి దాటాక సాయంత్రం కనబడడు, ఆలస్యంగా వస్తాడు, అప్పుడు డైరీ ఆపేయకండి, పొద్దున స్కూలుకి వచ్చేటప్పుడు పడమటి వైపు చూడమనండి. పగలు చంద్రుడు ఉండడని గట్టిగా నమ్మిన పిల్లలు సగం మంది ఉంటారు. మబ్బు పడితే "మబ్బు" అని రాయాలి, ఊహించి గీయకూడదు. గెలీలియో 1610 జనవరిలో చేసింది కూడా ఇదే పని. గురుగ్రహం పక్కన చిన్న చుక్కలు కనిపిస్తే మొదట ఏవో నక్షత్రాలే అనుకున్నాడు, రోజూ గీసుకుంటూ పోయాడు, అవి జరుగుతున్నాయని బొమ్మలే చెప్పాయి.

రాత్రి బయటికి పంపని ఇళ్లుంటాయి, వాళ్లకి బలవంతం వద్దు. ఆ పిల్లలు స్కూల్లోనే ఎండలో ఒక కర్ర నాటి గంట గంటకీ నీడ చివర గుర్తు పెట్టొచ్చు. నీడ అతి పొట్టిగా అయ్యేది సరిగ్గా గడియారం పన్నెండు కొట్టినప్పుడే కానక్కర్లేదని వాళ్లు పట్టుకుంటే ఎందుకని మీరు వెంటనే చెప్పేయకండి, మూడో గడిలో రాసి ఉంచండి.

డైరీ సగంలో ఉండగా గది చీకటి చేసి ఒక బల్బు వెలిగించండి. పెన్సిల్‌కి గుచ్చిన తెల్ల బంతి పిల్ల చేతిలో, పిల్ల తల భూమి, బల్బు సూర్యుడు. చెయ్యి చాచి, బంతిని తల కంటే కొంచెం ఎత్తులో పట్టుకుని, ఉన్నచోటే నెమ్మదిగా చుట్టూ తిరగాలి. సన్న గీతలా మొదలై సగమై నిండుగా అయి మళ్లీ తగ్గిపోయే వెలుగు తన చేతిలోనే కనిపిస్తుంది. బంతి కిందికి దించితే తల నీడ దాని మీద పడుతుంది, ఒకసారి కావాలనే పడనివ్వండి, చంద్రగ్రహణం అదే. నెలవంక అంటే భూమి నీడ అనుకునే పిల్లలకి, పెద్దలకి కూడా, ఈ ఒక్క నిమిషంలో తేడా తెలుస్తుంది. చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది కనుకే ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు. దీన్ని క్లాసులో చేసే ముందు మీరొక్కరే ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి, బల్బు మరీ కిందుంటే కుదరదు.

మీరడిగిన మూడింటికీ ఇప్పుడు వస్తాను. పుస్తకం దాటకుండా ఉంటే హెడ్మాస్టర్ గారికి తృప్తి, సిలబస్ అవుతుంది, మీకు నిద్ర పడుతుంది. టైము మరీ తక్కువైతే అలాగే కానివ్వండి, పెద్ద నష్టమేమీ లేదు. కాకపోతే పాప భయం పుస్తకంలోంచి రాలేదు కదా, పక్క బెంచీ నుంచి వచ్చింది. పాఠం మానేసినా ఆ కబుర్లు ఆగవు, వరండాలో నడుస్తూనే ఉంటాయి, వాటిని సరిదిద్దే మనిషి మాత్రం అక్కడ ఉండరు. తల్లికి చెప్పాల్సింది కూడా ఇదే, వాదనలా కాకుండా. ఆ లెక్కపెట్టే ఆట ఇంట్లో ఒకసారి పాపతో ఆడమనండి.

వీడియోలు మంచివే, కంటికి కనిపించనివాటికి. స్పేస్ స్టేషన్లో మనుషులు తేలడం బోర్డు మీద గీసి చూపించలేం (అక్కడ గురుత్వాకర్షణ ఉండదని మీ బాబు తప్పకుండా అంటాడు, 400 కిలోమీటర్ల ఎత్తులో అది నేల మీద ఉన్నదాంట్లో 90 శాతం దాకా ఉంటుంది, వాళ్లు భూమి చుట్టూ పడుతూనే ఉంటారు, అందుకే తేలినట్టు కనిపిస్తుంది). కానీ చాలా వీడియోల్లో నిజం ఫొటో ఏదో, కంప్యూటర్‌లో గీసిన బొమ్మ ఏదో చెప్పరు. గ్రహశకలాల పట్టీ అంటే రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నట్టు చూపిస్తారు, నిజానికి రెండింటి మధ్య సగటున లక్షల కిలోమీటర్ల ఖాళీ. ఆపైన ఆ భయంకరమైన మ్యూజిక్ ఒకటి. మ్యూట్‌లో పెట్టి చూపించండి, ఏం కనిపిస్తోందో పిల్లల్ని చెప్పమనండి. టైము రెండింతలు పడుతుంది, అది తెలిసే మొదలుపెట్టండి.

సైన్స్ సార్‌కి అప్పగిస్తే జవాబులు కచ్చితంగా వస్తాయి. పిల్లలకి ఇంకో సంగతీ అర్థమవుతుంది, మా టీచర్‌ని ఇవి అడగకూడదని. మీరు నిజంగా అలసిపోయి ఉంటే అప్పగించడం నేరమేమీ కాదు. నన్నడిగితే పాఠం మీ దగ్గరే ఉంచుకుని, మూడో గడిలో పేరుకున్న ప్రశ్నలు వారానికోసారి ఆయన దగ్గరికి పిల్లలతోనే పంపిస్తాను.

ఎగ్జిబిషన్ గురించి ఒక మాట. బంతులకి రంగులేసి తీగకి గుచ్చి తెచ్చే మోడల్స్ మీద నాకు పెద్ద గౌరవం లేదు, సగానికి పైగా ఇంట్లో పెద్దవాళ్లే చేస్తారు, గ్రహాలన్నీ జానెడు దూరంలో కుక్కి ఉంటాయి. హెడ్మాస్టర్ గారు ఒప్పుకుంటే గ్రౌండులో చేయించండి. సూర్యుడు 11 సెంటీమీటర్ల బంతి అయితే భూమి కాగితం మీద 1 మిల్లీమీటరు చుక్క, 12 మీటర్ల దూరంలో. గురుడు 11 మిల్లీమీటర్లు, 61 మీటర్ల అవతల. నెప్ట్యూన్ 350 మీటర్లు దాటాకే, మీ గ్రౌండులో పట్టకపోవచ్చు, పట్టదని అక్కడే బోర్డు పెట్టండి. ఆ లెక్కన అతి దగ్గరి మరో నక్షత్రం 3,000 కిలోమీటర్లకు పైగా దూరం. ఒప్పుకోకపోతే మామూలు మోడల్స్ తెమ్మని, ప్రతిదాని పక్కనా "ఇందులో తప్పేముంది?" అని పిల్లల చేతే ఒక చీటీ రాయించండి. ఒక బాస్కెట్‌బాల్, ఒక టెన్నిస్ బాల్ దొరికితే భూమీ చంద్రుడూ రెడీ, వాటి మధ్య ఎంత దూరం ఉండాలో వచ్చినవాళ్లని నిలబడి చూపించమనండి. అందరూ ఒక అడుగో రెండడుగులో అంటారు, అసలు దూరం 7 మీటర్లు.

ఇన్ని చెప్పి అన్నిటిలోనూ మీ ఇష్టం అన్నాను గానీ, ఒక్క దాంట్లో ఇష్టాయిష్టాలు లేవు. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు, నీడ కొలిచేటప్పుడైనా, గ్రహణం రోజైనా. కూలింగ్ గ్లాసులు, ఎక్స్‌రే ఫిల్ములు, పొగ పట్టిన గాజుముక్కలు, నీళ్లలో ప్రతిబింబం, ఏవీ పనికిరావు. కన్ను లోపల కాలినా నొప్పి తెలియదు, అదే అసలు ప్రమాదం. అట్టముక్కకి సూదితో బెజ్జం చేసి వెనక తెల్ల కాగితం మీద పడ్డ బొమ్మని చూడొచ్చు, బెజ్జంలోంచి చూడకూడదు. బైనాక్యులర్లు, టెలిస్కోపు ఎవరైనా తెస్తే సూర్యుడున్నంతసేపూ అవి మీ బీరువాలోనే ఉండాలి. ఈ మాట డైరీ మొదలుపెట్టే రోజే అందరికీ చెప్పండి, ఆ బాబుకి రెండుసార్లు చెప్పండి.